ఎంతకీ ఎదగని కుక్కపిల్ల

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో తిన్న ఎండు కానాగంత చేపల్లో ఒక్కటి కూడా నాది కాదు. అవి ఒక కుక్కవి. ఆ సంగతి నాకు తెలిసేసరికి వంకాయ వేసి, చింతపండు పులుసు పెట్టి, ముళ్ళు కూడా మిగల్చకుండా తినేశాను.

మా తమ్ముడి కూతురు ఈమధ్యే నర్సు ట్రైనింగు పూర్తిచేసి, పోస్టింగు ఆర్డరు పట్టుకుని మా ఇంటికొచ్చింది. "అత్తా, ఇన్నేళ్ళు చేశావు కదా, నాకు పనికొచ్చేవి నాలుగు ముక్కలు రాసిపెట్టు" అంది. రాయడానికి నాకేం, రిటైరయ్యాక చేసే పనేముంది. కాని ఆ పిల్ల తెలుగు గడగడా మాట్లాడుతుంది, చదవమంటే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుంటుంది. పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి పెరిగిన మా పిల్లలందరిదీ ఇదే వరస. కాబట్టి ఇది దానికి వాళ్ళ నాన్నే చదివి వినిపించాలి. వాడు మధ్యమధ్యలో నవ్వి నా పరువు తీస్తాడు, అదీ తెలుసు.

సూది ఎలా వెయ్యాలో నీకు ట్రైనింగులో చెప్పే ఉంటారు. ప్రమోషన్ల సంగతి ఆఫీసులో గుమాస్తాలు చెప్తారు, నువ్వు అడక్కపోయినా చెప్తారు. ఆ రెండూ వదిలేసి మిగిలింది నేను చెప్తాను. మిగిలిందాంట్లో ఎక్కువభాగం నా తెలివితక్కువతనమే, ఓపిగ్గా వినాలి.

తెల్లచీర గీర

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి బడిపంతులుగా ఈ దీవులకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పంతులుగారి అమ్మాయినన్న గీర నాకు చిన్నప్పుడే ఉండేది. దానిమీద నర్సు తెల్లచీర కట్టేసరికి ఇంక నేల కనబడలేదు.

మొదటి పోస్టింగు హార్బరు అవతల, హోప్ టౌన్ దాటాక ఒడ్డునే ఉన్న ఒక చిన్న ఆస్పత్రిలో. రేకుల కప్పు, మూడు గదులు, ముందు వరండా, నాలుగు మెట్లు. కిందికి దిగితే సముద్రం, దాని పక్కనే మన తీరం నుంచి వచ్చిన చేపలవాళ్ళ పేట. గుట్ట మీద రాంచీవాళ్ళు, బెంగాలీలు. పొద్దున్నే వరండా నిండిపోయేది. వేలికి గాలం దిగినవాడొకడు, గొంతులో ముల్లు ఇరుక్కున్నవాడొకడు, టేకు చేప తోక ముల్లుతో కొడితే కాలు వాచిపోయి కుంటుతూ వచ్చినవాడొకడు, జ్వరాల పిల్లలు, నెలలు నిండిన ఆడవాళ్ళు. "దీదీ, పహలే మేరా దేఖో" అని ఒకరు, "నర్సమ్మా, నాను ముందొచ్చినాను" అని ఇంకొకరు. ఒకే మనిషి సగం మాట తెలుగులో మొదలెట్టి సగం హిందీలో ముగించేవాడు.

నేను మాత్రం పుస్తకం తెలుగులో ఉపన్యాసాలిచ్చేదాన్ని. "నీటిని మరిగించి చల్లార్చి సేవించవలెను" అనేదాన్ని. వాళ్ళు బుద్ధిగా తలూపి, బయటికెళ్ళి, "ఏటంది?" అని ఒకళ్ళనొకళ్ళు అడుక్కునేవారు. విరేచనాలకి ఉప్పు పంచదార నీళ్ళ గురించి తెలుగులో ఒక పెద్ద పోస్టరు రాసి గోడకి అంటించాను. వానాకాలమంతా గడిచాక ఎవరో పెద్దాఫీసరు వచ్చి, అది తలకిందులుగా ఉందన్నాడు. అన్నాళ్ళూ రోజుకి వందసార్లు దాని ముందునుంచి తిరిగినదాన్ని నేనే. పేటవాళ్ళని అడిగితే, "మందు గోడకి వేసినారు కదా, అలాగే వెయ్యాలేమో అనుకున్నాం దీదీ" అన్నారు. చూడు, నేనంటే ఎంత నమ్మకమో.

అక్కడ మా డాక్టరు థామస్‌గారని మలయాళీ ఆయన. నవ్వితే జీతం కోస్తారేమో అన్నట్టుండేవాడు. నా ఉపన్యాసం మధ్యలో వచ్చి, "సిస్టర్, బస్, సూయీ లగావ్" అనేవాడు, మాటలాపి సూది వెయ్యమని. ఆయనంటే నాకు మొదట్లో ఒళ్ళుమంట. కాని ఒక అలవాటు ఆయన దగ్గరే నేర్చుకున్నాను. సాయంత్రం ఆస్పత్రి మూసేముందు, ఇవాళ ఎంతమంది వచ్చారని ఎప్పుడూ అడిగేవాడు కాదు. "కౌన్ నహీఁ ఆయా?" అని అడిగేవాడు. ఎవరు రాలేదు? వచ్చినవాళ్ళని చూసుకోవడం పెద్ద పని కాదనీ, రావలసినవాళ్ళు రాకపోతే అక్కణ్ణుంచే మన డ్యూటీ మొదలవుతుందనీ ఆయన లెక్క. నువ్వు ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఇది గుర్తుపెట్టుకో. ఆయన నవ్వకపోవడం మాత్రం నేర్చుకోకు.

మేట్రన్ కాపురం

మా ఆస్పత్రి మెట్లకింద ఒక ఊరకుక్క ఉండేది. గోధుమరంగు ఒళ్ళు, తెల్ల మూతి. పొద్దున్నా సాయంత్రం వరండా ఆ చివరినుంచి ఈ చివరికి తీరుబడిగా నడిచి అందరినీ ఒకసారి చూసిపోయేది. అందుకని దానికి మేట్రన్ అని పేరుపెట్టాం. ఒక వానాకాలంలో మేట్రన్ ఆ మెట్లకిందే ఈనింది. ప్రసవాల గది కిటికీ సరిగ్గా దాని పైన. లోపల ఒక ఆడమనిషి నొప్పులు పడుతుంటే కింద కుక్కపిల్లలు కుయ్యికుయ్యిమనేవి. ఒకావిడ నొప్పుల్లోనే నా చెయ్యి పట్టుకుని, "పుట్టేసిందా దీదీ?" అని అడిగింది.

పిల్లలు కళ్ళు తెరిచిన దగ్గర్నుంచి నాకు భోగం పట్టింది. పేట ఆడవాళ్ళు ఎవరో ఒకరు ఒక ఎండు కానాగంత తెచ్చి, తోకకి వల అల్లే దారం ముక్క కట్టి, వరండా కమ్మీకి వేలాడదీసి పోయేవారు. నాకేమీ చెప్పేవారు కాదు. గవర్నమెంటు నర్సుకి చేతికిచ్చి ఇబ్బంది పెట్టడమెందుకని, మర్యాదగా అలా వదిలిపోతున్నారనుకున్నాను. నా సేవకి జనం కరిగిపోతున్నారని పొంగిపోయాను. డ్యూటీ దిగి వెళ్తూ కోసుకుని సంచిలో వేసుకునేదాన్ని.

అదే సమయంలో కుక్కపిల్లల మెడలకి కూడా అలాంటి దారం ముక్కలు కనబడటం మొదలైంది. ఇదేదో దిష్టి వ్యవహారమనుకున్నాను. పుండు పడి పురుగు పడుతుందని కట్లు కత్తిరించే కత్తెర తెచ్చి, ఒక్కొక్కదాన్నీ ఒళ్ళో పడుకోబెట్టుకుని, అన్ని దారాలూ శుభ్రంగా కత్తిరించి పారేశాను. పైగా ఆ సాయంత్రం థామస్‌గారికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అసలు సంగతి ఇది. మా పేటలో కుక్కపిల్లని ఎవరూ ఉత్తచేతులతో పట్టుకుపోరు. తల్లి దగ్గర్నుంచి బిడ్డని తీసుకుంటున్నాం కాబట్టి తల్లికి ఒక చేప చెల్లించాలి. చేపకి కట్టిన దారమే పిల్ల మెడకీ కడతారు. ఇక ఆ పిల్ల వాళ్ళదే, మాట అయిపోయినట్టే. పాలు మానేదాకా తల్లి దగ్గర ఉంటుంది, ఆ తర్వాత తీసుకెళ్తారు. అంటే, తల్లికి రావలసిన చేపలు నేను తిన్నాను, ఎవరి పిల్ల ఎవరిదో చెప్పే దారాలు నేనే కత్తిరించాను. మేట్రన్ ఒక్కసారి కూడా నన్ను కరవలేదంటే దాని మంచితనమే.

పైడమ్మ

ఇప్పుడు అసలు మనిషి దగ్గరికొస్తాను.

పైడమ్మ పేటలో సొంత పడవ ఉన్న ఒక ఇంటి కోడలు. చంకలో ఇంకా పాకే వయసు కూతురు. దగ్గు అని వచ్చింది, ఎన్నాళ్ళనుంచి అంటే తల దించుకుంది. కొంగు విప్పి చూపిస్తే నెత్తురు మరక. థామస్‌గారు కఫం పోర్ట్ బ్లెయిర్ పంపించి పరీక్ష చేయించారు. క్షయే.

ఈరోజుల్లో నీకు అదెంత భయమో అర్థం కాదు. అప్పట్లో పేటలో ఆ జబ్బు పేరు వినబడితే ఆ ఇంటి పడవెక్కడానికి జోడీ మనిషి దొరికేవాడు కాదు, ఆ ఇంటి బుట్టలో చేప కొనేవాళ్ళు ఉండేవారు కాదు. పైడమ్మ నా కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "మా అత్తకి తెలిస్తే నన్ను ఓడెక్కించి మా పుట్టింటికి తోలేస్తాది దీదీ. పిల్లని ఉంచేసుకుంటారు. ఎవరికీ సెప్పొద్దు" అంది. చెప్పనని మాటిచ్చాను. పిల్లకి, ఇంట్లోవాళ్ళకి కూడా పరీక్ష అవసరం కాబట్టి, పేటంతా దగ్గు పరీక్షలని పేరుపెట్టి అందరినీ చూశాం. మిగిలినవాళ్ళకి ఏమీ లేదు.

మందు తేలికది కాదు. మొదట కొన్ని నెలలు రోజూ సూది, ఆ తర్వాత ఏడాది పైగా మాత్రలు. మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది, తర్వాత ఏ సూదికీ లొంగదు. కాబట్టి పైడమ్మ రోజూ ఆస్పత్రికి రావాలి, ఎందుకొస్తోందో ఎవరికీ తెలియకూడదు.

"ఇంట్లో ఏం చెప్పి వస్తున్నావు?" అని అడిగాను ఒకరోజు.

"కుక్కపిల్లకి తిండెట్టొస్తానని. అత్తే ఎల్లమంటాది" అంది.

మంచి ఎత్తే వేసిందనుకున్నాను. పొద్దున్నే చేప తలకాయలు కలిపిన అన్నం పట్టుకుని వచ్చేది. మెట్ల దగ్గర కూర్చుని తల్లి పోలికే పడ్డ తెల్లమూతి పిల్లకి పెట్టేది, అటూ ఇటూ చూసి వెనక తలుపులోంచి నా గదిలోకి వచ్చేది. సూది వేయించుకుని మళ్ళీ మెట్ల దగ్గర కూర్చునేది. పేటవాళ్ళకి కనబడేది ఆ కూర్చోవడమొక్కటే.

ఒకరోజు సూది వేస్తుంటే, "మా అత్త నాకు కంచం, గ్లాసు వేరే పెట్టేసినాది" అంది కళ్ళనీళ్ళతో. ఆ అత్త గురమ్మ. పేటలో ఆవిడ నోటికి జడవనివాళ్ళు లేరు. కోడలికి వేరే కంచమా, ఎంత రాక్షసి అనుకున్నాను. ఎందుకు వేరే పెట్టిందని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నాకు చాలా తిరుగుడు తప్పేది. ఆలోచించే పని నేను థామస్‌గారికి వదిలేశాను.

నా ప్రచారం

ఇంతలో పైనుంచి ఇన్‌స్పెక్షను వస్తోందన్నారు. థామస్‌గారు మెట్లకింద చూసి, "సిస్టర్, యే హాస్పిటల్ హై యా కుత్తా ఘర్?" అన్నారు, ఆస్పత్రా కుక్కల కొంపా అని. ఇన్‌స్పెక్షను లోపల పిల్లలన్నీ వెళ్ళిపోవాలన్నారు.

నేను నడుం కట్టాను. కుటుంబ నియంత్రణ ప్రచారానికి ఇంటింటికీ తిరిగిన అనుభవమంతా కుక్కపిల్లలమీద పెట్టాను. టీకాలకి వచ్చిన ప్రతి తల్లికీ కుక్క వల్ల లాభాలు చెప్పాను. పేట ఆడవాళ్ళు నావైపు వింతగా చూసి, "అన్నిటికీ కట్టేసినాం కదమ్మా" అన్నారు. ఇంక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేయించేసుకున్నామంటున్నారనుకుని, మంచిపని చేశారని మెచ్చుకుని పంపాను. గుట్టమీది వాళ్ళకీ, ఫెర్రీలో ప్రయాణికులకీ పంచేశాను. ఒకటి థామస్‌గారే, ఎవరూ చూడకుండా, తన క్వార్టరుకి పట్టుకెళ్ళారు. కుత్తా ఘర్ అన్న నోటితోనే దానికి పాలు పట్టారు.

ఆఖరికి తెల్లమూతిది మిగిలింది. ప్రసవానికి వచ్చిన చెల్లెలికి తోడుగా సుమిత్ర అని రాంచీ ఆవిడ వచ్చింది. ఆవిడ మొగుడు సిప్పీఘాట్ ఫారంలో తోటమాలి. వాళ్ళ పెరట్లో కూరగాయలన్నీ జింకలు మేసిపోతున్నాయని, కుక్కుంటే బాగుండునని అంది. పైడమ్మ గుర్తు రాలేదా అంటే వచ్చింది. తల్లి కుక్క ఉందిగా, ఇకనుంచి దానికి పెట్టుకుంటుంది, తిండి ఎవరికైతేనేం అనుకున్నాను. సుమిత్ర బుట్టలో పిల్లని పెట్టి, పైన గుడ్డ కప్పి పంపించేశాను. మెట్లకింద ఫినాయిల్‌తో కడిగించాను. ఇన్‌స్పెక్షను బాగా జరిగింది. నన్ను మెచ్చుకున్నారు కూడా.

మర్నాడు పైడమ్మ రాలేదు.

సాయంత్రం థామస్‌గారు, "కౌన్ నహీఁ ఆయా?" అన్నారు. చెప్పాను. "రేపు చూడండి" అన్నారు. రేపూ రాలేదు. ఆ తర్వాతి రోజు మలేరియాకి వేలు పొడిచి నెత్తురు తీసే సామాను పట్టుకుని పేటకి వెళ్ళాను. గురమ్మ ఇంటి ముందు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు కూర్చుని చిన్నచేపలు, నెత్తళ్ళు ఏరుతున్నారు. నన్ను చూడగానే గురమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మా ఇంట్లో జొరాల్లేవు. ఎల్లు" అంది. లోపలినుంచి దగ్గు వినబడింది. ఆ దగ్గు నాతోపాటు మా ఇంటిదాకా వచ్చింది.

గురమ్మ నోరు

మర్నాడు పొద్దున్నే, వరండా కిటకిటలాడుతున్నప్పుడు గురమ్మ వచ్చింది. మెట్లెక్కలేదు. కిందనే నిలబడి, పేటంతా వినబడేలా మొదలెట్టింది.

"ఏటి నర్సమ్మా, నా సేప తినీసినావా నేదా సెప్పు."

"ఏ చేప?" అన్నాను.

"తెల్లమూతి పిల్లకి నాను కట్టిన సేప. దారం కట్టినాను, తల్లికి సేప ఏలాడదీసినాను. నా కుక్కని ఎవులికి అంపేసినావు?"

అప్పుడు వరండాలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నోళ్ళు విప్పారు. మా చేపా పోయిందంటే మా చేపా పోయిందని. ఒకావిడ, "అన్ని సేపలూ మేట్రన్ తినేస్తుందనుకున్నాం, ఇది ఇంత బక్కగా ఉందేటి అనుకున్నాం" అంది. ఇంకొకావిడ నా ఒంటివైపు చూసి ఊరుకుంది. అప్పుడు నాకు ఆ ఆచారమంతా అర్థమైంది. లోపల థామస్‌గారి గదిలోంచి ఒక వింత శబ్దం వచ్చింది. ఆయన నవ్వడం నేను వినడం అదే మొదటిసారి.

"గురమ్మత్తా, ఇంకో పిల్లని చూసి ఇస్తాను" అన్నాను.

"ఇంకోటి నాకొద్దు. దారం కట్టింది దానికి. అది నేకపోతే నా కోడలికి ఇక్కడేటి పని? ఎందుకొస్తన్నాదని అడిగితే ఏటి సెప్పమంటావు?" అంది. అని నా మొహంలోకి చూసింది. నేను పౌరుషంగా చూశాను. కోడలు బయటికి రావడం ఓర్వలేక కుక్క వంక పెడుతోంది, మనిషి ప్రాణం కంటే ఈవిడకి కాపలా కుక్క ఎక్కువైపోయింది అనుకున్నాను. నోటిదాకా వచ్చింది, నీ కోడలు చచ్చిపోతుందే తల్లీ అని. మాటిచ్చాను కాబట్టి మింగేశాను. నా ఉద్యోగంలో నోరు మూసుకున్నందుకు మేలు జరిగిన సందర్భాలు తక్కువ, ఎందుకంటే మూసుకున్న సందర్భాలే తక్కువ.

సిప్పీఘాట్‌కి రెండుసార్లు

ఆ మధ్యాహ్నమే బయల్దేరాను. ఫెర్రీలో ఫీనిక్స్ బే, అక్కణ్ణుంచి బస్సులో సిప్పీఘాట్. సుమిత్ర ఇంటి పెరట్లో తెల్లమూతిది ఇంతలేసి చెవులు ఊపుకుంటూ ఒక కోడిని తరుముతోంది. దానికి రాణీ అని పేరు కూడా పెట్టేశారు.

"బహన్, దాన్ని వాపసు ఇచ్చెయ్యి. పొరపాటైంది" అన్నాను.

సుమిత్ర నడుంమీద చేతులు పెట్టుకుంది. "క్యా దీదీ, ఇచ్చింది వాపసు అడుగుతారా? వేసిన సూయీ కూడా వాపసు తీసుకుంటారా మీరు?"

అసలు కారణం చెప్పడానికి వీల్లేదు. ఆస్పత్రి రూలు అన్నాను, గవర్నమెంటు కుక్క అన్నాను. "గవర్నమెంటుదైతే కాగితం చూపించు" అంది. ఉత్తచేతులతో తిరిగొచ్చాను.

థామస్‌గారి క్వార్టరుకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన ఒళ్ళో ఆయన కుక్కపిల్ల నిద్రపోతోంది. ఆయన కాసేపు దాని చెవులు నిమిరి, లేచి, దాన్ని నా చేతుల్లో పెట్టారు. "పైడమ్మకి ఎన్ని సూదులు పోయాయి?" అన్నారు. చెప్పాను. "రేపు పొద్దున్నే వెళ్ళండి" అని తలుపేసుకున్నారు. ఆయన గురించి అప్పటిదాకా నేను అనుకున్నవన్నీ వెనక్కి తీసుకున్నాను. నవ్వు సంగతి తప్ప.

ఫెర్రీలో కుక్కల్ని ఎక్కనివ్వరు. కాన్పులకి పట్టుకెళ్ళే సంచిలో గుడ్డల మధ్య పెట్టి తీసుకెళ్ళాను. సారంగు, అదే ఫెర్రీ నడిపే ఆయన, సంచి కదలడం చూసి, "దీదీ, బచ్చా హై క్యా అందర్?" అన్నాడు కంగారుగా. చంటిబిడ్డనుకున్నాడు. "హాఁ, సో రహా హై" అన్నాను, నిద్రపోతున్నాడని. లోపలున్నది సరిగ్గా అప్పుడే మొరిగింది. ఆయన నావైపు చూసి, సంచివైపు చూసి, స్టీరింగు పట్టుకుని సముద్రంవైపు తిరిగిపోయాడు. నా తెల్లచీర మాత్రం దిగేసరికి తెల్లగా లేదు.

సుమిత్ర రెండు పిల్లల్నీ పక్కపక్కన పెట్టి, పొట్టలు నొక్కి చూసింది. డాక్టరుగారిది పాలమీద పెరిగింది, బొద్దుగా ఉంది. "యే అచ్ఛా హై" అని దాన్ని చంకనెత్తుకుంది. తెల్లమూతిదాన్ని నా సంచిలో తనే పెట్టింది.

ఇంకా చిన్నదే

మర్నాడు తెల్లవారగానే తెల్లమూతి పిల్లని చంకలో పెట్టుకుని, సొంత డబ్బుతో కొన్న ఎండు కానాగంత మేట్రన్ ముందు పెట్టి, పేటకి కబురంపాను. గురమ్మ వచ్చింది, వెనకాల కోడలు. వారం తిరక్కుండానే పైడమ్మ మొహం పీక్కుపోయింది.

"ఇదిగో మీ కుక్క. పాలు కూడా మానేసింది, ఇంటికి తీసుకెళ్ళిపోవచ్చు" అన్నాను కాస్త పుల్లవిరుపుగా.

గురమ్మ పిల్లని అటూ ఇటూ తిప్పి చూసింది. చూసి మళ్ళీ మెట్లకింద తల్లి పక్కన పెట్టేసింది. "ఇంకా సిన్నదే. ఇక్కడే ఉండనీ. కోడలొచ్చి రోజూ తిండెడతాది" అంది.

"చిన్నదేమిటి, కోళ్ళని తరుముతోంది. ఇంకెన్నాళ్ళుంచాలి?"

ఆవిడ ఒక మెట్టెక్కింది. గొంతు తగ్గించింది. గురమ్మకి అంత చిన్నగొంతు ఉందని పేటలో ఎవరికీ తెలిసి ఉండదు. "అది నువ్వే సెప్పాలి నర్సమ్మా. నువ్వెన్నాళ్ళంటే అన్నాళ్ళూ సిన్నదే" అంది. "మా ముసలోడు ఆ దగ్గుతోనే పోనాడు. నాకు తెల్దా?"

వేరే కంచం, గుమ్మానికి అడ్డంగా నిలబడటం, నెత్తళ్ళు ఏరుతున్న ఇరుగుపొరుగు, వరండాలో ఆ కేకలు, అన్నీ ఒక్కసారి తిరగబడి సరిగ్గా నిలబడ్డాయి. ఆ దారం ఆవిడ కుక్కకి కట్టింది కాదు. కోడలు రోజూ ఆస్పత్రికి రావడానికి ఒక కారణం కట్టింది. ఆ కారణాన్ని నేను కత్తెర పట్టుకుని కత్తిరించాను.

"పైడమ్మకి తెలుసా, నీకు తెలుసని?" అన్నాను.

"వద్దు. నాకు బయిపడి వేళకి వస్తాది. నాకు తెలిసిపోనాదంటే సిగ్గుతో సస్తాది" అని, మళ్ళీ గొంతు పెంచి కోడల్ని, "ఏటలా సూస్తావు, తిండెట్టు దానికి" అని కసిరి వెళ్ళిపోయింది.

నేనేమో పైడమ్మ రహస్యం గురమ్మకి తెలియకుండా కాపాడుతున్నాను, గురమ్మ రహస్యం పైడమ్మకి తెలియకుండా కాపాడుతున్నాను. నేను మంచి నర్సునో కాదో గాని ఆ రోజుల్లో నిద్ర మాత్రం సరిగ్గా పట్టేది కాదు, ఎవరికి ఏం చెప్పేశానో అని.

సూదులు అయిపోయాయి, మాత్రలు మొదలయ్యాయి. తెల్లమూతిది నిండుగా ఎదిగి మేట్రన్‌ని మించిపోయింది. పేటవాళ్ళు, "ఏటి గురమ్మా, నీ కుక్కని ఇంటికి తెచ్చుకోవా?" అనేవారు. "ఇంకా పసిది" అనేది. ఆఖరికి అది కూడా మెట్లకిందే ఈనింది. అప్పుడు పేటంతా విరగబడి నవ్వింది. తల్లైన దాన్ని పసిదంటుంది, ముసల్దానికి కళ్ళు పోయాయి, మతి పోయింది అన్నారు. నోట్లో మాట కింద పడనివ్వని గురమ్మ ఆ ఒక్క విషయంలో ఎవరేమన్నా పడింది. ఆ కుక్క పిల్లలకి చేపలు వేలాడాయి, దారాలు పడ్డాయి. నేను కత్తెర జోలికి పోలేదు, చేపల జోలికీ పోలేదు. మేట్రన్ మాత్రం ఒళ్ళు చేసింది.

పైడమ్మ ఒళ్ళు కూడా తేరుకుంది. కఫం పరీక్ష శుభ్రంగా వచ్చింది, మళ్ళీ చేయిస్తే మళ్ళీ శుభ్రంగా వచ్చింది. పోర్ట్ బ్లెయిర్‌లో ఎక్స్‌రే తీయించి, థామస్‌గారు ఫిల్మును కిటికీ వెలుగుకి పెట్టి చాలాసేపు చూశారు. "బస్. మందు ఆపెయ్యొచ్చు" అన్నారు.

నేను పేటకి పరుగులాంటి నడకతో వెళ్ళాను. గురమ్మ ఒడ్డున పరిచిన వలమీద చేపలు తిరగేస్తోంది. చుట్టూ ఆడవాళ్ళు ఉన్నారు.

"గురమ్మత్తా, కుక్క ఎదిగింది. ఇంక ఇంటికి తీసుకెళ్ళొచ్చు" అన్నాను.

ఆవిడ చెయ్యి ఆగింది. తలెత్తలేదు. "నిజంగా ఎదిగినాదా? మల్లీ సిన్నదైపోదు కదా?" అంది.

అంత గట్టిగా చెప్పే హక్కు నర్సుకి లేదు, డాక్టరుకీ లేదు. ఆ జబ్బు తిరగబెట్టినవాళ్ళని నేను చూశాను. అయినా, "అవదు" అన్నాను.

గురమ్మ చేతిలో చేపలు వదిలేసి, ఆ వలమీదే కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు, ఇంత వయసొచ్చి కుక్క కోసం ఏడుస్తోంది చూడండర్రా అని నవ్వారు. నేనూ వాళ్ళతోపాటు నవ్వాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను తప్పు లేకుండా చేసిన పనుల్లో అదొకటి.